వెనకవైపు కుట్టు వంకర పోతుంటే

చేత్తో కుడుతున్న తోలు పర్సుకి ముందు కుట్టు చక్కగా వాలుగా వస్తోంది, తిప్పి చూస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ పోతోంది అన్నారు కదా. దారం మార్చాలా అని అడిగారు. అక్కర్లేదండీ, లోపం దారంలో లేదు.

ముందు చిల్లులు చూడండి. పళ్ల పంచ్ (తోలుకి వరసగా చిల్లులు పొడిచే ఫోర్కులాంటి పనిముట్టు) కాస్త ఒరిగినా పైన గీత తిన్నగానే ఉంటుంది, కింద మాత్రం చిల్లులు అంచు వైపు జరిగిపోతాయి. పంచ్ నిటారుగా పట్టుకుని కొట్టండి.

అవి సరిగ్గానే ఉంటే తప్పు సూదుల వరసలో ఉన్నట్టే. నా అనుమానం కూడా దీని మీదే. రెండు సూదుల కుట్టులో, అంటే ఒకే దారం రెండు కొసలకీ చెరో సూది కట్టి ప్రతి చిల్లులో రెండింటినీ ఎదురెదురుగా దూర్చే కుట్టులో, ఏ చేతి సూది ముందు దూరిస్తే చివరిదాకా అదే ముందు. రెండో సూది కూడా మొదటి సూది దారానికి ప్రతిసారీ ఒకే పక్క నుంచి వెళ్లాలి. ఓసారి పైనుంచీ ఓసారి కిందనుంచీ పోయిందంటే చిల్లు లోపల దారాలు దాటుకునే తీరు మారిపోతుంది. ఆ తేడా వెనకవైపే బయటపడుతుంది. నా మొదటి బెల్టు సగంలో ఫోన్ మోగింది. మాట్లాడొచ్చి వరస తిప్పేశాను. ఎక్కడ తిప్పానో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను!

రెండో సూది లాగేముందు మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగి చూడండి. కదలకపోతే సూది దాన్ని గుచ్చేసినట్టే, తీసి మళ్లీ దూర్చండి. మొన మొద్దుగా ఉన్న సూదులు వాడితే ఈ బాధ తగ్గుతుంది. రెండు చేతులతో సమానంగా బిగించండి, తోలు ముడత పడేంత వద్దు.

తుక్కు ముక్క మీద ఇరవై చిల్లులు కొట్టి ప్రయత్నించండి. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు, పైన ఓ జానెడు.