పీజీలో చేరొద్దని ప్రచారం చేస్తే కేసు పెడతారా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటున్నాను. ఓనరుకి చుట్టుపక్కలే మరో మూడు బిల్డింగులున్నాయి. ఉండేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లమే. చేరేటప్పుడు అడ్వాన్స్ కట్టించుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగని, మెయింటెనెన్సని, నోటీసు సరిగ్గా ఇవ్వలేదని చెప్పి ఒక్క రూపాయీ తిరిగివ్వరు. ఇలా నష్టపోయిన పదహారు మందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. వారిలో ముగ్గురు ఖాళీ చేసి ఏడాదిన్నర దాటింది. ఇద్దరు ఒంగోలు వెళ్లిపోయారు. డబ్బు ఇచ్చేదాకా ఆ పీజీల్లో ఎవరూ చేరకుండా ప్రచారం చేయాలనుకుంటున్నాం. పొద్దున ఆంధ్రా బస్సులు ఆగే చోట కరపత్రాలు పంచడం, ఆన్‌లైన్ రివ్యూలు, గేటు ముందు ధర్నా, లోపల ఉన్నవాళ్లు అద్దె ఆపేయడం మా ఆలోచన. మేనేజరు మాత్రం "పరువునష్టం కేసేసి అందర్నీ లోపల వేయిస్తా" అంటున్నాడు. మేం చేయబోయేది నేరమా?

జవాబు: ఫలానా చోట చేరకండి అని నలుగురికి చెప్పడం నేరం కాదు. మాట్లాడే హక్కు, ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉన్నాయి. మీరు నష్టపోయారు, ఇంకొకరు నష్టపోకూడదనుకుంటున్నారు. ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. అయితే మీరు చెప్పిన నాలుగు పనులూ చట్టం దృష్టిలో ఒకటి కావు.

వాటిని విడదీసే గీత ఇది. 1997లో కేరళ హైకోర్టు బంద్‌లు చట్టవిరుద్ధమని చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. బంద్ అంటే ఇష్టం లేనివాడి చేత కూడా షట్టరు దింపించడం కాబట్టి. పనులు మానుకోమని జనాన్ని అడగడం వేరు, బలవంతాన మాన్పించడం వేరు అన్నది ఆ తీర్పులోని సారం. మీ బహిష్కరణకూ అదే వర్తిస్తుంది. కరపత్రం చదివాక కూడా ఒక కుర్రాడు బ్యాగు పట్టుకుని ఆ గేటులోకే వెళ్తానంటే వెళ్లనివ్వాలి. అడ్డంగా నిలబడితే భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద అక్రమ నిరోధం అవుతుంది. "చేరితే నీ సంగతి చూస్తాం" అంటే 351వ సెక్షన్ కింద బెదిరింపు. అక్కడితో మీ పోరాటం నైతికంగానూ ఓడిపోతుంది.

ఇక మేనేజరు బెదిరింపు. పరువునష్టం 356వ సెక్షన్ కిందికి వస్తుంది, రెండేళ్ల దాకా సాధారణ జైలు పడే వీలుంది. కానీ అది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి మిమ్మల్ని ఎత్తుకెళ్లే నేరం కాదు. పరువు పోయిందనుకున్న మనిషి మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. "లోపల వేయిస్తా" అన్న మాటకు భయపడి గ్రూపు వదిలేయాల్సిన పని లేదు. పైగా ఆ సెక్షన్‌కు పది మినహాయింపులున్నాయి. ప్రజల మేలు కోసం నిజం చెప్పడం మొదటిది. ఎదుటివాడి మేలు కోరి సద్బుద్ధితో హెచ్చరించడం పదోది. బస్సు దిగిన కొత్తవాడికి మీరు చెప్పే మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ఆ మినహాయింపు దక్కాలంటే రాసే వాక్యం జాగ్రత్తగా ఉండాలి. "ఈ ఓనరు పచ్చి దొంగ, అందర్నీ ముంచుతాడు" అన్నది కోర్టులో మీ మెడకు చుట్టుకుంటుంది. "నేను ఫలానా నెలలో ఎనిమిది వేలు అడ్వాన్స్ కట్టాను, రసీదు ఉంది. నెల ముందే మెసేజ్ పెట్టి ఖాళీ చేశాను. ఇప్పటిదాకా డబ్బు ఇవ్వలేదు" అని రాయండి. ఇందులో తిట్టు లేదు, కానీ చదివినవాడికి గుచ్చుకునేది ఇదే. రివ్యూలకూ ఇదే పద్ధతి: ఉన్నవాళ్లే రాయాలి, సొంత అకౌంటు నుంచి, సొంత అనుభవం. ఆ పీజీ ముఖం చూడని స్నేహితుల చేత ఒక్క స్టార్ ఇప్పించారంటే మీ సద్బుద్ధిని నిరూపించుకోవడం కష్టం.

ఓనరు సివిల్ దావా వేసి ప్రచారం ఆపించాలని చూడొచ్చు కదా అంటారేమో. ఒడిశా ధామ్రా పోర్టు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ ఒక వీడియో గేమ్ తయారుచేస్తే టాటా సన్స్ పది కోట్లకు దావా వేసి, గేమ్ ఆపించమని ఢిల్లీ హైకోర్టును అడిగింది. 2011 జనవరిలో కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఆపమనే ఉత్తర్వు) ఇవ్వలేదు. విచారణ కాకుండానే విమర్శకుల నోరు మూయించడానికి కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. అయితే నష్టపరిహారం దావా మాత్రం మిగిలే ఉంటుంది, కాబట్టి ప్రతి వాక్యం వెనకా ఒక కాగితం ఉండాలి.

గేటు ముందు ధర్నా వద్దు. బెంగళూరు నగరంలో ధర్నాలు, ఊరేగింపులు ఫ్రీడం పార్కులోనే, అదీ పోలీసు అనుమతితోనే చేయాలని 2021 నాటి ఉత్తర్వు ఉంది. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలను ఉంచిన పాత సెంట్రల్ జైలే ఇప్పటి ఫ్రీడం పార్కు. నిరసనలన్నిటినీ ఒకే చోటికి నెట్టడం నాకు సమ్మతం కాదు, కానీ ఉత్తర్వు ఉన్నంతకాలం పదహారు మంది ఉద్యోగాలను దానికి పణంగా పెట్టమని చెప్పలేను. పేవ్‌మెంటు మీద ఇద్దరేసి నిలబడి, దారికి అడ్డం లేకుండా, నినాదాలు లేకుండా కరపత్రాలివ్వండి. ముందుగా లోకల్ స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చి, అందినట్టు సీలు వేయించుకోండి. ఆ రోజు ఆ ప్రాంతంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద జనం గుమిగూడకుండా పెట్టే ఆంక్షలు లేవని కూడా కనుక్కోండి. పాత 144 ఇదే. ఆ ఆంక్షలూ ప్రశ్నకు అతీతం కావు: 2019 డిసెంబరులో బెంగళూరులో విధించిన 144 చెల్లదని కర్ణాటక హైకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. గోడల మీద మాత్రం ఏమీ అంటించకండి, దానికి వేరే చట్టం ఉంది.

అద్దె ఆపేయడం అసలే వద్దు. ఒప్పందం తప్పింది మీరే అని ఓనరు చెప్పుకోవడానికి చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. లోపల ఉన్నవాళ్లు అద్దె యూపీఐలోనే కట్టాలి, ఖాళీ చేస్తామన్న నోటీసు రాతలోనే ఇవ్వాలి. ప్రచారంలో ఉన్నారన్న కోపంతో ఎవరి సామానైనా రోడ్డు మీద పెడితే వీడియో తీసి వెంటనే 112కి ఫోన్ చేయండి.

మనుషుల్ని కలుపుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ మీ కేసు బలమంతా అక్కడే ఉంది. గ్రూపు లింకు ఊరంతా పంచితే రెండొందల మంది చేరతారు, అవసరమైన రోజున పది మంది కూడా రారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు చదువు నేర్చుకునే రాత్రి బడుల్లో కూర్చుని ఒకరి బాధ ఒకరు చెప్పుకుని ఒక్కటయ్యారు. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ కదలికే 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా తెచ్చింది. మీరూ ఆ నాలుగు బిల్డింగుల్లో గది గదికీ వెళ్లి కూర్చోండి. ముందు వాళ్ల కథ వినండి, తరవాత రసీదు, పేమెంటు స్క్రీన్‌షాట్, మేనేజరు మెసేజ్‌లు ఫోటో తీసుకోండి. పేరు బయట పెట్టొద్దన్నవాళ్ల పేరు పెట్టకండి. వంటవాళ్లను, ఊడ్చేవాళ్లను ఈ గొడవలోకి లాగకండి, అడ్వాన్స్ తీసుకున్నది వాళ్లు కాదు.

కన్నడంలోనూ కరపత్రం వేయండి. ఇది తెలుగువాళ్ల గొడవ కాదు, డబ్బు కట్టినవాళ్ల గొడవ అని వీధిలోని దుకాణదారుకీ స్టేషన్‌లోని కానిస్టేబుల్‌కీ అర్థం కావాలి. ఓనరు కులం, మతం, ఊరు గురించి గ్రూపులో ఒక్క మాట వచ్చినా ఆ రోజే తీసేయించండి. కులం, మతం పేరిట ద్వేషం రేపితే న్యాయ సంహిత 196వ సెక్షన్. ఎస్సీ, ఎస్టీల మీద ఆర్థిక బహిష్కరణ పెడితే అత్యాచారాల నిరోధక చట్టమే వర్తిస్తుంది. పక్క పీజీ ఓనరు వచ్చి కరపత్రాల ఖర్చు నేను పెట్టుకుంటానంటే నమస్కారం పెట్టి పంపించేయండి, ఆ డబ్బు ముడితే సద్బుద్ధి అన్న మీ రక్షణకే గండి పడుతుంది. "ఇంతిస్తే రివ్యూలు తీసేస్తాం" అని బాకీకి మించి అడిగితే అది 308వ సెక్షన్, బలవంతపు వసూలు. అడగాల్సింది అడ్వాన్స్, దాని మీద వడ్డీ, కోర్టు ఖర్చులు, అంతే.

ప్రచారంతో పాటే ఫిర్యాదూ నడవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో "సేవ" నిర్వచనంలోనే భోజనం, వసతి ఉన్నాయి కాబట్టి పీజీ ఓనరు తప్పించుకోలేడు. ఒకే రకమైన నష్టం ఉన్నవాళ్ల తరఫున ఆ చట్టం 35(1)(సి) సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్ అనుమతితో కొందరు కలిసి ఉమ్మడి ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదుదారు ఉంటున్న ఊళ్లో కూడా వేసుకోవచ్చు, కాబట్టి ఒంగోలు వెళ్లిపోయిన ఇద్దరూ అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. దానికన్నా ముందు ఓనరుకి పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు దాచుకోండి.

ఖాళీ చేసి ఏడాదిన్నర దాటిన ఆ ముగ్గురి విషయం మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లే. ప్రచారం మొదలైనా కాకపోయినా, ఉమ్మడి ఫిర్యాదుకు అనుమతి వచ్చినా రాకపోయినా, వాళ్ల ముగ్గురి కాగితాలు ఈ నెలలోనే కమిషన్‌లో దాఖలు కావాలి.