మొదటి లోడు తోలబోయే ముందు

బిడ్డా,

ట్రాక్టరు ఇంటికి వచ్చిందని, కొబ్బరికాయ కొట్టి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. కోతలు మొదలవగానే మొదటి వడ్ల లోడు నువ్వే మిర్యాలగూడ మిల్లుకు తోలుకుపోతావని కూడా అన్నది. అది విన్నప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. దమ్ము చేయడం, దుక్కి దున్నడం నీకు నేను చెప్పనక్కరలేదు. రోడ్డు సంగతి వేరు. ముప్పై ఏళ్లకు పైగా తోలినవాడిగా నాకు తెలిసింది ఇది: ట్రాక్టరు నడిపేవాడి కళ్లు ముందుంటాయి, అతని వల్ల జరిగే హాని వెనక ఉంటుంది.

నీకు అప్పుడు నాలుగేళ్లు. రాత్రి ఎనిమిదింటికి వడ్ల లోడుతో బయలుదేరాను. మిల్లు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ట్రాలీ టైరు పగిలింది. పక్కకు తీసినా సగం ట్రాలీ తారు మీదే ఉండిపోయింది. వెనక లైటు లేదు. వైరు ఎప్పుడో తెగింది, రేపు కట్టిద్దాంలే అనుకుంటూ రెండు పంటలు గడిపేశాను. నాలుగు రాళ్లు, ఒక తుమ్మకొమ్మ వెనక పెట్టి, జాకీ తెమ్మని ఊరికి ఫోను చేస్తున్నాను. బైకు చప్పుడు వినిపించింది, బ్రేకు చప్పుడు వినిపించలేదు. ఎదురుగా వస్తున్న లారీ వెలుతురు కళ్లలో పడి ఆ అబ్బాయికి నా ట్రాలీ కనిపించనే లేదు. 108 వచ్చేదాకా నా కండువాతో అతని తొడకు కట్టు కట్టి పట్టుకుని కూర్చున్నాను. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. అతనికి పెళ్లయి ఆరు నెలలు.

ట్రాక్టరుకు బీమా ఉంది. ట్రాలీకి నంబరూ లేదు, బీమా లేదు. పరిహారం నా మీద పడింది, కాలువ కింది ఎకరం అమ్మి కట్టాను. ఎకరం పోయినందుకు నాకు బాధ లేదు. ఇప్పటికీ సంతలో ఎదురైతే అతనే ముందు పలకరిస్తాడు. నాకే మాట రాదు.

అందుకే ముందు లైట్ల గురించి రాస్తున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ట్రాలీకి మూడు గజాల దూరంలో నేను పెట్టిన రాళ్లు ఎవరిని ఆపగలవు? పైగా మనవాళ్లు బండి బాగుచేసుకుని ఆ రాళ్లు రోడ్డు మీదే వదిలి వెళ్తారు, వాటికి తగిలి ఇంకొకరు పడతారు. నువ్వు ట్రాలీ వెనక రెండు ఎర్రలైట్లు, ఇండికేటర్లు పెట్టించు. వైరును ప్లాస్టిక్ పైపులో నుంచి తెప్పించు, లేకపోతే బురదకు, గడ్డికి నెల తిరగకుండా తెగిపోతుంది. వెనక వెడల్పంతా ఎర్రగా మెరిసే స్టిక్కరు, పక్కలకు పసుపుది అంటించు. దాన్ని వారానికి ఒకసారి తడిగుడ్డతో తుడువు, దుమ్ము కప్పిన స్టిక్కరు ఉన్నా లేనట్టే. రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణాలు రెండు టూల్‌బాక్సులో ఉంచుకో. బండి ఆగిపోతే, వెనక్కి కనీసం యాభై పెద్ద అంగలు నడిచి పెట్టు. గడ్డి లోడు చుట్టూ వేలాడి లైట్లను కప్పేస్తుంది కనుక, ఆ లోడుతో చీకట్లో కదలవద్దు.

ఇక బ్రేకులు. పొలంలో మలుపు తిప్పడానికి కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి విడివిడిగా వాడతావు. రోడ్డు ఎక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ కలిపే లాకు వేయి. వేగంలో ఉండగా ఒక్క పక్క బ్రేకే పడితే ఇంజిను, అంటే ముందున్న ట్రాక్టరు, గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. మన ట్రాలీలలో చాలావాటికి బ్రేకులే ఉండవు. రెండు టన్నుల ఇంజినును వెనక నుంచి నాలుగైదు టన్నుల వడ్లు నెడుతుంటే నువ్వు ఎంత తొక్కినా ఆగదు. కాబట్టి దిగుడులో న్యూట్రల్ చేయకు. డీజిలు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినకు. చిన్న గేరులో, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరులో దిగు. ట్రాలీని తగిలించే హుక్కు పిన్నుకు కింద క్లిప్పు, పక్కన ఒక గొలుసు తప్పనిసరి. పిన్ను ఊడిన ట్రాలీ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట. కూలీలను ట్రాలీలో ఎక్కించకు. 2018 ఏప్రిల్‌లో మన నల్గొండ జిల్లా పీఏపల్లి (పెద్ద అడిశర్లపల్లి) మండలంలో కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూన్‌లో, వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో మరో ట్రాక్టరు పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ పొలం పనులకు బయలుదేరిన ఆడవాళ్లు. కాలువ కట్ట మీద ఇంజిను వెళ్లిన జాడలోనే ట్రాలీ రాదు, మలుపులో లోపలికి జరుగుతుంది. కట్ట అంచు మెత్తగా ఉంటే చాలు. నాకు తెలుసు, పొద్దున్నే పదిహేను మంది టిఫిన్లు పట్టుకుని నీ ఇంటి ముందు నిలబడతారు, ఆటోకు డబ్బులెందుకు అంటారు. ఆటో కిరాయి నువ్వే పెట్టుకో, రెండు ట్రిప్పులు వేయించు. చెర్వుగట్టు జాతరకూ, పెళ్లికీ ఇదే మాట.

మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకు. పిల్లలు ముచ్చటపడతారు, మీ చెల్లెలి కొడుకు ఇప్పటికే అడిగి ఉంటాడు. ఒక్క గుంతకు ఎగిరిపడితే పడేది వెనక చక్రం కిందనే. ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప వేరొకరు ఉండకూడదన్నది చట్టం కూడా.

కాగితాలు. నీకున్న ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుంది. 7,500 కిలోలు దాటని వాహనాలకు అది చాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం మళ్లీ ఖాయం చేసింది. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను చేయించు, పాలసీలో దాని నంబరు కూడా ఉందో లేదో నీ కళ్లతో చదువు. వ్యవసాయానికని రాయించుకున్న ట్రాక్టరుతో కిరాయికి ఇసుక, ఇటుకలు తోలితే బీమా చేతికి రాదు. ఇటుక బట్టీకి మట్టి తోలుతుండగా ట్రాలీలోని కూలీకి జరిగిన ప్రమాదం 2007లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీ ముందు చెల్లించి ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని తీర్పు వచ్చింది.

తమ్ముడికి పద్దెనిమిది నిండేదాకా తాళం చెవి ఇవ్వకు. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం జరిగితే యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, రిజిస్ట్రేషను ఏడాది రద్దు. వాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇవ్వరు. దమ్ము చేసి వచ్చేటప్పుడు కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) పొలంలోనే విప్పు, వాటితో తారు రోడ్డు ఎక్కవద్దు.

నార్కట్‌పల్లి-అద్దంకి పెద్ద రోడ్డు దాటే చోట ఒక లెక్క పెట్టుకో. నిండు ట్రాలీతో దాటడానికి నీకు పది సెకన్లు పడితే, గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే కారు ఆలోపు 270 మీటర్లకు పైగా వస్తుంది. అంత దూరం ఖాళీగా కనిపిస్తేనే కదులు. డివైడరులో దాటే సందు దూరమని ఎదురుదారిలో మాత్రం పోకు. ఎప్పుడైనా ఏదైనా జరిగితే భయపడి బండి వదిలి వెళ్లకు. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చు, పోలీసులకు నువ్వే చెప్పు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. వైరు, స్టిక్కర్లు, క్లిప్పు ఉన్న పిన్ను నేనే తెస్తాను, ఇద్దరం కూర్చుని బిగిద్దాం. మొదటి లోడుకు నేను నా బైకు మీద నీ వెనక వస్తాను. ట్రాలీ నాకు ఎంత దూరం నుంచి కనిపిస్తుందో చూడాలి. అప్పటిదాకా పొలం దాటి బండి బయటికి తీయకు.

మీ పెద్దనాన్న