బడికి వెళ్లబోయే అమ్మాయిలకు బట్టల సంగతి ఎలా చెప్పాలంటే

చి. చిన్నారికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతులో టెన్షన్ తెలిసిపోయింది. మీ కాలేజీ బి.ఎడ్. రెండో ఏడాది పిల్లలు పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి 16 వారాలు బళ్లకి వెళ్తున్నారు, వాళ్లకి బట్టల గురించి చెప్పే పని నీ మీద పడింది. నీకంటే నాలుగైదేళ్లే చిన్నవాళ్లు మరి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయిని పాఠం మధ్యలో ఆపి, "టీచర్ వేసుకునే జాకెట్టేనా అది?" అన్నాను, అందరి ముందూ. మూడు రోజులు రాలేదు. అది వాళ్ల అక్క జాకెట్టట. ఆ పిల్లకి సొంత చీర ఒక్కటీ లేదు. ఆ ముఖం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే అందరికీ కలిపి చెప్పు, జాకెట్లు కుట్టించుకునే టైం ఉండగా, నెల ముందే. మాట పని గురించి ఉండాలి, ఒంటి గురించి కాదు. "బోర్డు పైవరసలో రాయాలి, వంగి నోట్సు చూడాలి, మెట్లెక్కాలి. ఇంట్లో అద్దం ముందు ఈ మూడూ చేసి చూడండి" అను. చెయ్యెత్తినప్పుడు చంక దగ్గర పట్టేస్తే, లోపలి కుట్టు విప్పించుకోవాలని వాళ్లకే తెలుస్తుంది. పమిటకి భుజం మీద ఒక పిన్నీసు, కుచ్చిళ్లకి లోపలివైపు ఇంకొకటి. కొత్తగా కట్టేవాళ్లకి గంజి దట్టంగా పెట్టిన చీర బుట్టలా నిలబడుతుంది. నాలుగు ఉతుకులు పడ్డ మంగళగిరి నూలు చీర అయితే చెప్పినట్టు వింటుంది. మువ్వల పట్టీలు ఇంట్లోనే తీసేయమను. నెలసరి సంగతీ దాచకుండా మాట్లాడు. ఆ రోజుల్లో ముదురు రంగు చీర, బ్యాగులో ప్యాడ్లు, ఇంకో లంగా. నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఇబ్బంది పడ్డాను.

"మగపిల్లలు చూస్తారు" అన్న మాట మాత్రం నోట రానీయకు. తొమ్మిదో తరగతి కుర్రాడి చూపుకి మన అమ్మాయి ఎందుకు జవాబు చెప్పాలి? రంగు, లావు, సన్నం జోలికి పోకు. బురఖాలో వచ్చే అమ్మాయిని విడిగా పిలిచి ప్రశ్నించకు.

"చీరే ఎందుకు మేడమ్, చుడీదార్ చాలదా?" అని తప్పకుండా అడుగుతారు. కాలేజీ పెట్టిన రూల్ అయితే రూలనే చెప్పు, సంస్కృతి మీద ఉపన్యాసం ఇవ్వకు. నన్నడిగితే చున్నీకి పిన్నీసు పెట్టుకుని చుడీదార్‌లో పాఠం చక్కగా చెప్పొచ్చు. వీలు చూసుకుని ప్రిన్సిపాల్ గారితో నువ్వే ఆ మాట కదుపు.

ఎవరికైనా విడిగా చెప్పాల్సి వస్తే స్టాఫ్ రూంలో వద్దు. వరండాలో పక్కన నడుస్తూ, "పమిట జారుతోందమ్మా, ఇదిగో" అని పిన్నీసు చేతిలో పెట్టి ముందుకెళ్లిపో.

మీ నాన్నతో రెండు నూలు చీరలు పంపుతున్నాను, ఫాల్ కుట్టించే ఉన్నాయి. అవి ఎవరికి అవసరమో వారంలో నీకే తెలుస్తుంది. ఇచ్చేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

మీ పెద్దమ్మ