పిల్లల పెంపకంలో విశ్వాస సమాజం ఎలా తోడ్పడుతుంది?

తల్లిదండ్రులు కాక, తన పేరు తెలిసి, తన మంచిచెడ్డలు పట్టించుకునే పెద్దలు మరికొందరు బిడ్డకు దొరకడమే విశ్వాస సమాజం, అంటే ఒకే మతవిశ్వాసంతో కలిసి ఆరాధించే వారి సమూహం, చేసే అసలు మేలు. ఇంట్లో చెప్పుకోలేని భయాన్నో సందేహాన్నో కౌమారంలో ఉన్నవారు అలాంటి పెద్దల ముందు బయటపెట్టగలుగుతారు. ఏళ్ల తరబడి వారం వారం అదే మనుషుల మధ్య పెరగడం వల్లనే ఆ నమ్మకం కుదురుతుంది, ఒక్క రోజు బోధతో కాదు. అనేక క్రైస్తవ శాఖల్లో శిశువు బాప్తిస్మం నాడు జ్ఞాన తల్లిదండ్రులను, అంటే బిడ్డ విశ్వాస జీవితానికి అండగా ఉంటామని మాట ఇచ్చే పెద్దలను, నియమించడం ఈ బాధ్యతకు ఒక రూపం. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ప్రారంభించిన ఆదివారపు బడి, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు చదవడం నేర్పింది. అయితే ఆప్యాయత ఒక్కటే చాలదు. పిల్లలతో పనిచేసేవారి పూర్వాపరాలు ముందే విచారించాలి, ఏ పెద్దా బిడ్డతో ఒంటరిగా ఉండకూడదన్న నియమాన్ని ఎవరికీ సడలించకూడదు.