సమాధానం: చెరువు అంచున రాత్రిళ్లు టిప్పర్లు మట్టి పోస్తుంటే

నమస్తే అండీ. హైదరాబాద్‌లో మీ కాలనీ వెనక చెరువులో రాత్రిళ్లు ఇళ్లు కూల్చిన శిథిలాలు పోస్తున్నారనీ, మీ ఫిర్యాదును రెండుసార్లు 'పరిష్కారమైంది' అని మూసేశారనీ రాశారు. చదువుతుంటే బాధేసింది. మాకూ ఇదే జరిగింది. మేం 'చెత్త' అని రాశాం, అది ఊడ్చేవాళ్లకి వెళ్లింది.

ఈసారి 'నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు, చెరువు పూడ్చివేత' అని రాయండి. కేంద్ర నిబంధనల ప్రకారం వీటిని రోడ్ల మీద, కాలువల్లో పోయకూడదు. బాధ్యత టిప్పర్ డ్రైవర్‌ది మాత్రమే కాదు, ఆ శిథిలాలు ఎవరి స్థలం నుంచి వచ్చాయో వాళ్లది కూడా. కాబట్టి దగ్గర్లో ఏ పాత ఇల్లు కూలుస్తున్నారో చూడండి. సాధారణంగా రెండు మూడు వీధుల్లోనే దొరుకుతుంది. జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున శిథిలాలను రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. అక్కడికి పంపిన రసీదు చూపించమని ఆ బిల్డర్‌ని అడగమని అధికారులను రాతపూర్వకంగా కోరండి.

చెరువు కాబట్టి 2024 జులైలో ఏర్పడిన హైడ్రాకి (చెరువుల ఆక్రమణలను అడ్డుకునే ప్రభుత్వ సంస్థకి) కూడా ఫిర్యాదు ఇవ్వండి. నంబర్ ప్లేటు, టైమ్, లొకేషన్ పడే ఫొటోలు జత చేయండి. మేమైతే గట్టు మీది కరెంటు స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని రోజూ ఒకే చోట నుంచి ఫొటో తీశాం. వారంలో మట్టి మోకాలెత్తు లేచింది. ఆ ఫొటోలు చూశాకే అధికారులు కదిలారు.

ఒంటరిగా వెళ్లి బండిని మాత్రం ఆపకండి. అప్పటికప్పుడు 100కి ఫోన్ చేయండి.