సారీ కంటే ముందు మోచెయ్యి చూపించండి

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్లు. పక్కింటి ఒడియా వాళ్ల పాపని ఊరికే తోసేస్తాడు. అది ఏడుస్తుంటే నవ్వుతాడు. సారీ చెప్పమంటే గడగడా చెప్పేసి మళ్లీ తోస్తాడు. నాలుగు తగిలిస్తే తెలిసొస్తుందంటున్నారు మా అత్తగారు. వీడికి జాలన్నది లేదా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ఉందండీ. ఈ వయసులో ఏం చెయ్యాలో పాలుపోకా నవ్వుతారు, తోస్తే ఇంత హడావుడా అన్న సరదాకీ నవ్వుతారు. 1997లో రెపఖోలి, గాప్నిక్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో 14 నెలల పిల్లలు ఎదుటి పెద్దావిడకి తమకిష్టమైన బిస్కెట్టే ఇచ్చారు. 18 నెలల వాళ్లు మాత్రం ఆవిడ ఇష్టంగా తిన్న బ్రోకలీ అందించారు. అంటే ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడానికి పునాది అప్పటికే పడుతుంది. కానీ ‘నిన్ను తోస్తే ఎలా ఉంటుంది?’ లాంటి ప్రశ్న మూడున్నరేళ్ల వాడికి బరువే. కంటికి కనిపించేది చూపించాలి.

ఈసారి తోసినప్పుడు ముందు పాప దగ్గరికెళ్లండి. వాడి మీద అరిస్తే వాడి ధ్యాసంతా మీ కోపం మీదే ఉంటుంది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాణ్ని పక్కకి పిలిచి రెండే ముక్కలు చెప్పండి: ‘నువ్వు తోశావు. చూడు, మోచెయ్యి దోక్కుపోయింది, మండుతోంది.’ కాసేపు ఆగి ఒక పని పురమాయించండి. గ్లాసుతో నీళ్లు తేవడమో, తడిగుడ్డ పట్టుకోవడమో. ఏమైందని ఒడియాలో ‘కణ హెలా?’ అని అడగడం కూడా నేర్పండి. వాడే గింజుకుని ఏడుస్తుంటే ఇవేవీ తలకెక్కవు, పది నిమిషాలాగి మొదలెట్టండి. సారీ తనంతట తాను అంటే సరే, మీరు అడగొద్దు.

ఇక అత్తగారి వైద్యం. కొడితే వాడికి తెలిసేది తన నొప్పే, పాపది కాదు. మన ఇళ్లలో ఇంకో అలవాటుంది: పిల్లాడు పడితే నేలను నాలుగు బాది ఊరుకోబెడతాం. దెబ్బ తగిలితే ఎవర్నో ఒకర్ని కొట్టాలని నేర్పేది మనమే! దానికి బదులు ‘మోకాలికి తగిలిందా? చురుక్కుమందా?’ అనండి. తన నొప్పికి మాటలు తెలిస్తేనే పక్కవాళ్ల నొప్పి గురించి చెప్పింది అర్థమవుతుంది. బొమ్మల పుస్తకం చూసేటప్పుడూ ‘ఈ కుందేలు మొహం ఎలా ఉంది?’ అని అడిగి, జవాబు మీరే అందించకుండా ఆగండి.

దీనికి నెలలు పడుతుంది. అయితే పిలిస్తే పలక్కపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాటలు ఆలస్యం కావడం కూడా గమనించి ఉంటే ఆగొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎప్పుడొస్తారో అక్కడి దిదీని (కార్యకర్తని) అడిగి, ఆ రోజు బాబుని తప్పకుండా చూపించండి.