‘ఆక్యుపయర్’ పేరుతో వచ్చే ఉత్తరం మీకే

ఇటీవలే గుంటూరు నుంచి బర్మింగ్‌హామ్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. మూడు పడక గదుల ఇంట్లో వారు ఎనిమిది మంది ఉంటున్నారు. ఇంటి ముందున్న బిన్‌ను రెండు విడతలుగా ఎవరూ ఎత్తలేదు, దాని మూతకు ఒక స్టిక్కర్ అంటించి వెళ్లారు. ఆ వారమే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి ‘ది ఆక్యుపయర్’ పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. తమలో ఎవరి పేరూ దాని మీద లేదు కాబట్టి ఓనర్ వచ్చినప్పుడు ఇద్దామని ఫ్రిజ్ మీద పెట్టారు. అలా చేస్తే సరిపోతుందా అని అడిగాడు.

సరిపోదు. ఆక్యుపయర్ అంటే ఆ ఇంట్లో ఉంటున్నవారు, ఇంటి యజమాని కాదు. ఇంగ్లండ్‌లో ఏ చెత్తను ఏ బిన్‌లో, ఏ రోజు, ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అధికారాన్ని 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం స్థానిక కౌన్సిల్‌కు ఇచ్చింది. ఆ నిబంధనలు వర్తించేది ఇంట్లో ఉంటున్నవారికే. ముందు హెచ్చరిక వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే జరిమానా వరకు వెళ్లవచ్చు. మన ఊళ్లలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయకపోతే బండి వెంట వచ్చే మనిషి కాస్త విసుక్కుని అయినా తీసుకుపోతాడు. ఇక్కడ విసుక్కునే మనిషి ఉండడు, స్టిక్కర్ ఒక్కటే ఉంటుంది.

బిన్ల రంగుల విషయంలో స్నేహితుల మాట నమ్మకండి. దేశమంతటికీ ఒకే రంగు విధానం లేదు. లెస్టర్‌లో ఉంటున్న మీ బావ చెప్పిన రంగు బర్మింగ్‌హామ్‌లో పనికి రాకపోవచ్చు. మీ పోస్ట్‌కోడ్‌ను కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొడితే మీ వీధి క్యాలెండర్ వస్తుంది, దాన్ని ప్రింట్ తీసి వంటింటి తలుపుకు అంటించండి. ఇంటింటి నుంచి ఆహార వ్యర్థాలను వారానికోసారి విడిగా సేకరించాలనే నియమానికి ఇంగ్లండ్ కౌన్సిళ్లకు పెట్టిన గడువు 2026 మార్చి 31. కొన్ని కౌన్సిళ్లకు మాత్రం మరికొంత సమయం ఇచ్చారు. మీ ఇంటికి చిన్న డబ్బా వచ్చి ఉంటే మిగిలిన అన్నం, టీ పొడి, కూరగాయల తొక్కలు, చికెన్ ఎముకలు అందులోకే వెళ్లాలి. గారెలు వేయించిన నూనెను మాత్రం సింక్‌లో పోయకండి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ మురుగు కాలువలో నూనె, కొవ్వు, తడి టిష్యూలు గడ్డకట్టి 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున ఒక రాయిలా తయారయ్యాయి. నూనె చల్లారాక సీసాలో పోసి మూత బిగించి రీసైక్లింగ్ కేంద్రంలో ఇవ్వవచ్చు.

స్టిక్కర్ ఎందుకు పడుతుందో నా అనుభవంతోనే తెలుసుకున్నాను. పందొమ్మిదేళ్ల క్రితం మరో ఊళ్లో నలుగురం కలిసి ఉండేవాళ్లం. ఒక రాత్రి పెరుగు డబ్బాలను కడగకుండా, వాటితోపాటు సాంబారు మిగిలిన గిన్నెను తుడిచిన కాగితాలను కూడా రీసైక్లింగ్ బిన్‌లో పడేశాను. పొద్దున్నే బిన్ లారీ మా ఇంటి దగ్గర ఆగింది. సిబ్బందిలో ఒకాయన మూత ఎత్తి చూసి, మళ్లీ మూసి, జేబులోంచి స్టిక్కర్ తీసి అంటించి పక్కింటికి వెళ్లిపోయాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ బిన్‌ను చేతి తొడుగులు వేసుకుని నేనే ఖాళీ చేసి, వేరు చేసి, రెండు వారాలు ఆగవలసి వచ్చింది. మీరు చేయవలసిందీ అదే. ఆ వాసన భరించలేక సంచులను సందు చివర వదిలేసి రావద్దు. బహిరంగ ప్రదేశంలో చెత్త పడేస్తే 1,000 పౌండ్ల వరకు అక్కడికక్కడే జరిమానా విధించే అధికారం 2023 జూలై నుంచి కౌన్సిళ్లకు ఉంది. పాత పరుపును ఇరవై పౌండ్లకు తీసుకెళ్తానని వచ్చే వ్యాను మనిషి దగ్గర వ్యర్థాల రవాణా లైసెన్స్ ఉందో లేదో చూడవలసిన బాధ్యత కూడా మీదే. అతను దాన్ని ఏ పొదల్లోనో పడేస్తే మీకు 600 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక ఇంటి బిన్ ప్రతిసారీ పొంగిపొర్లుతోందంటే ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న పుడుతుంది. అందుకే చెత్త గురించి మొదలైన ఉత్తరం ఒక్కోసారి ఇళ్ల విభాగం అధికారి తలుపు తట్టడంతో ముగుస్తుంది. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు లేదా అంతకు మించి వంటగది, బాత్రూమ్ పంచుకుంటే ఆ ఇంటిని హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్) అంటారు. ఇక్కడి చట్టంలో బాబాయి కొడుకు కుటుంబమే, ‘మా ఊరి అన్నయ్య’ మాత్రం కాదు. అలా ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే, 2018 అక్టోబరు నుంచి ఇంటికి ఎన్ని అంతస్తులున్నా లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, అంటే సుమారు 70 చదరపు అడుగులు ఉండాలి. ఇద్దరికైతే 10.22 చదరపు మీటర్లు కావాలి. హాలులో తెర కట్టి ఇద్దరిని పడుకోబెట్టడం ఈ లెక్కకు ఎలా నిలుస్తుందో మీరే కొలిచి చూసుకోండి.

కొన్ని కౌన్సిళ్లు ఇంతకంటే ముందుకు వెళ్లి, ఎంచుకున్న వార్డుల్లో ఒకే కుటుంబానికి అద్దెకిచ్చిన ఇంటికి కూడా లైసెన్స్ ఉండాలంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ ఉన్న లండన్‌లోని న్యూహామ్ బరోలో (బరో అంటే సొంత కౌన్సిల్ ఉన్న ప్రాంతం) 2013లోనే దాదాపు బరో అంతటా ఈ పద్ధతి పెట్టారు. బర్మింగ్‌హామ్‌లో 2023 జూన్‌లో 25 వార్డుల్లో మొదలైంది. లైసెన్స్ పొందిన ఇళ్ల జాబితాను ప్రజలకు అందుబాటులో ఉంచడం ప్రతి కౌన్సిల్ బాధ్యత కాబట్టి, అడ్వాన్స్ కట్టకముందే అందులో మీ చిరునామా ఉందేమో చూడండి.

లైసెన్స్ లేకపోవడం అద్దెకు ఉన్నవారి నేరం కాదు, ఇల్లు అద్దెకిచ్చినవారిది. కౌన్సిల్ 30,000 పౌండ్ల వరకు జరిమానా వేసే అధికారం 2017లో వచ్చింది. అద్దెకు ఉన్నవారు ట్రైబ్యునల్‌కు వెళ్లి 12 నెలల వరకు అద్దెను వెనక్కి కోరే వీలుండేది, 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం దాన్ని రెండేళ్లకు పెంచింది. మన విద్యార్థుల్లో ఎక్కువగా జరిగేది మాత్రం వేరు. ఒక సీనియర్ తన పేరు మీద ఇల్లు తీసుకుని, మిగిలినవారిని చేర్చుకుని నెలనెలా డబ్బు వసూలు చేస్తాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటాడు, కానీ చట్టం దృష్టిలో అతనే అద్దెకిచ్చేవాడు కావచ్చు. ఆ సీనియర్ మీరే అయితే ఈ పేరాను రెండుసార్లు చదవండి.

కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటికి కౌన్సిల్ వేసే పన్ను, గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే మినహాయింపు ఉంటుంది. ఒకరి చదువు పూర్తయి విద్యార్థి హోదా పోతే ఆ మినహాయింపు కూడా పోతుంది. 25 శాతం తగ్గింపుతో వచ్చే బిల్లు ఆ ఒక్కరి మీద పడవచ్చు. ఒంటరిగా ఉన్నవారికి వచ్చే 25 శాతం తగ్గింపు ప్రభుత్వ సాయం కింద లెక్కకు రాదు. అయితే తక్కువ ఆదాయం చూపించి పొందే ‘కౌన్సిల్ టాక్స్ రిడక్షన్’ ప్రభుత్వ సాయమే, మీ వీసా షరతులు దాన్ని నిషేధించి ఉంటే దరఖాస్తు చేయకండి.

బిన్లు, వార్డుల్లో లైసెన్సులు, టాక్స్ పెంపు లాంటి స్థానిక నిర్ణయాలు వార్డు సభ్యులు కూర్చుని తీసుకునేవే. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబరులో దాదాపు దివాలా తీసినట్టు ప్రకటించింది. మరుసటి ఏడు టాక్స్ దాదాపు 10 శాతం పెరిగింది. 2025 మార్చి 11 నుంచి చెత్త సిబ్బంది నిరవధిక సమ్మెకు దిగితే, నెలాఖరుకు వీధుల్లో సుమారు 17,000 టన్నుల చెత్త పేరుకుంది. మాకూ ఎలుకలు కనిపించాయి. ఇందులో మీ మాటకూ చోటుంది. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ నివసిస్తుంటే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. స్టూడెంట్ వీసా అడ్డు కాదు.

కాబట్టి తమ్ముడూ, ఫ్రిజ్ మీది ఉత్తరం దించి, పైన ఉన్న నంబరు చెప్పి కౌన్సిల్‌కు ఫోన్ చేయండి. బిన్ శుభ్రం చేశామని చెప్పి, పెద్ద బిన్ ఇస్తారేమో అడగండి. మనుషులు ఎక్కువగా ఉన్న ఇళ్లకు చాలా కౌన్సిళ్లు ఇస్తాయి. దరఖాస్తులో ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాయవలసి వస్తుంది. ఎనిమిది అని రాయవద్దని ఓనర్ బతిమాలితే, ఎందుకు బతిమాలుతున్నాడో మీకు ఇప్పటికే తెలుసు.